21 రూపాయల రాజీనామా

మా ఖాందాన్‌లో ఒక కాగజ్ ఉందన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది మా చిచ్చా దగ్గర, ఆయన నిఖా నాటి రేకు సందూఖ్‌లో, పాత జుజ్‌దాన్ గుడ్డలో చుట్టి ఉంటుంది. పిల్లలు ముట్టుకోకూడదు. ఈద్ రోజు షీర్ ఖుర్మా తాగి పెద్దవాళ్లు దివాన్ మీద ఒరిగాక ఆ కాగజ్ ప్రస్తావన తప్పకుండా వచ్చేది. నిజాం సర్కార్ మా బుజుర్గులకి ఇచ్చిన ఇనామ్ జమీన్ సనద్ అట అది. ఖమ్మం దగ్గర మున్నేరు ఒడ్డున జమీన్. పోలీస్ యాక్షన్ గడబిడలో చేజారిందట. ఎకరాలు మాత్రం ఏటా పెరిగేవి. నేను నాలుగో జమాత్‌లో ఉన్నప్పుడు 20, నా నిఖా నాటికి 60.

ఆ జమీన్ సంపాదించిన పెద్దమనిషిని మా ఇంట్లో ‘బత్తీవాలే దాదా’ అంటారు. మా దాదాకి దాదా. ఉర్దూలో లకడ్‌దాదా అంటాం, తెలుగులో ముత్తాతకి తండ్రి. నిజాం దేవిడీలో దీపాల ఇంతెజామ్ అంతా ఆయన చేతి కింద ఉండేదని, వందల ఫానూసులు ఆయన హుకుం మీదే వెలిగేవని కథ. మెహబూబ్ అలీ పాషా స్వయంగా ‘బత్తీవాలే మియాఁ’ అని పిలిచేవారని మా బడే అబ్బా ఒట్టేసి చెప్పేవారు. ఇలాంటి దాదా ప్రతి ముసల్మాన్ ఇంట్లోనూ ఒకరుంటారు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, కాస్త తడిమి చూడండి. ఒకాయన అరబ్‌స్తాన్ నుంచి గుర్రం మీద వస్తాడు, ఒకాయన ఔరంగజేబ్ ఫౌజ్‌లో వస్తాడు, ఒకాయనకి కుతుబ్‌షా జాగీర్ ఇస్తాడు. కూలికి వచ్చినవాడు, కరువుకి వచ్చినవాడు ఎవరి షజ్రాలోనూ కనిపించడు. మరి ఇంతమంది ఫఖీర్లం ఎక్కడినుంచి వచ్చామో.

రెండేళ్ల కింద ఖమ్మం చుట్టుపక్కల భూముల ధరలు ఆస్మాన్‌కి ఎక్కాయని చిచ్చాకి ఎవరో చెప్పారు. వెంటనే నాకు ఫోన్. "అరే బాబా, తూ ఉర్దూ పఢ్యా సో ఆద్మీ. అఖ్‌బార్ వాలా భీ హై. ఆకు పఢ్ దే." మా ఇంట్లో కొత్త నస్ల్ అంతా ఇంగ్లిష్ మీడియం. ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. పెద్దవాళ్లు ఖురాన్ చదువుతారు, ఉర్దూ అఖ్‌బార్ చదువుతారు, కానీ పాత షికస్తా చేతిరాత వాళ్లకీ అందదు. వరంగల్‌లో టాట్‌పట్టీ మీద కూర్చుని పదో జమాత్ దాకా ఉర్దూలోనే చదివి, తరవాత బీఏలో తెలుగు సాహిత్యం తీసుకున్న వింత జంతువుని నేనొక్కడినే. "ముసల్మాన్ కా బచ్చా, తెలుగు పఢ్ కే క్యా కరేగా?" అని ఈ చిచ్చాయే అబ్బాతో కొట్లాడారు అప్పట్లో.

కాగజ్ నాలుగు మడతలది. మడతల దగ్గర చిరుగులు. స్యాహీ గోధుమ రంగుకి దిగిపోయింది. కింద కుడివైపు ఒక మరక. దాన్నే అందరూ సర్కారీ మొహర్ అనుకుంటూ వచ్చారు. చిచ్చా దాన్ని ఫోన్ టార్చ్ వెలుగులో చూపిస్తూ "దేఖ్, నిజాం కా ఠప్పా" అన్నారు.

షికస్తా అంటే విరిగింది అని అర్థం. పేరుకి తగ్గట్టే అక్షరాలు విరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, నుఖ్తాలు ఉండవు, మున్షీకి తొందర. మొదటి లఫ్జ్ మాత్రం తేలిగ్గా తెలిసింది: రాజీనామా. పక్కన కూర్చున్న చిచ్చా మనవడు, తెలుగు పేపర్ చదివే పిల్లాడు, "అంటే దాదా నౌకరీకి రిజైన్ చేశారా?" అన్నాడు. తెలుగులో రాజీనామా అంటే ఇప్పుడు అదే కదా. ఉర్దూలో దానికి ఇస్తీఫా ఉంది. రాజీనామా అంటే రాజీ పడ్డట్టు రాసిచ్చిన కాగితం. ఒక్క లఫ్జ్ రెండు జుబాన్లలో రెండు దారులు పట్టింది. మినిస్టర్ పదవి వదిలితే తెలుగువాళ్లకి రాజీనామా, తగాదా వదిలితే మనకి రాజీనామా.

మరి ఎవరు ఎవరితో రాజీ పడ్డారు?

తారీఖ్ దై మహీనా, 1298 ఫస్లీ. నిజాం రాజ్యంలో దఫ్తర్లన్నీ ఫస్లీ సాల్ మీదే నడిచేవి. అక్టోబర్‌లో ఆజుర్‌తో సాల్ మొదలు, తరవాత దై, బహ్మన్, ఇస్ఫందార్. ఫస్లీకి 590 కలిపితే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈస్వీ సాల్ వస్తుంది, జనవరి దాటితే 591 కలపాలి. దై అంటే నవంబర్. అంటే 1888 నవంబర్. మీ ఇళ్లలో పాత కాగజాత్ ఉంటే ఈ లెక్క పనికొస్తుంది, రాసిపెట్టుకోండి. హిజ్రీ అనుకుని లెక్కేస్తే ఎటో పోతారు.

రెండు రోజులు పట్టింది చదవడానికి. రఖమ్ దగ్గర నేనూ ఆగిపోయాను. పాత హిసాబ్ కితాబ్‌లో అంకెలు వేసేవాళ్లు కాదు, సియాఖ్ రాసేవాళ్లు. అరబీ సంఖ్యల పేర్లని కుదించి కుదించి పాముల్లా చేసిన గుర్తులు అవి. పక్కన ఇంకో గీత చేర్చి పెంచడం కష్టం కాబట్టి ఖజానా వాళ్లకి ఇష్టం. వరంగల్‌లోనే ఒక బుజుర్గ్ ఉస్తాద్ ఉన్నారు, వాళ్ల అబ్బా పట్వారీ దఫ్తర్‌లో పని చేసినాయన. ఐనక్ తుడుచుకుని ఒక్క చూపులో చెప్పేశారు: "ఇక్కీస్ రూపయే, సిక్కా హాలీ."

ఇప్పుడు మొత్తం అర్థమైంది. జమీన్ లేదు, ఇనామ్ లేదు, నిజాం లేడు. రైలు పట్టాల పని పట్టిన ఒక ఠేకేదార్ మున్షీ రాసిన కాగజ్ అది. మున్నేరు దగ్గర బండి మీద నుంచి పట్టా దించుతుంటే ఫలానా మజ్దూర్ ఎడమ చేతి మూడు వేళ్లు పోయాయి. దానికి ఠేకేదార్ మెహర్బానీతో 21 రూపాయలు ఇచ్చాడు. మజ్దూర్ తీసుకున్నాడు, రాజీ అయ్యాడు, ఇకమీద తనుగానీ తన వారసులుగానీ ఏ దావా వెయ్యరు. మున్నేరు ఒడ్డు, సర్కార్ పేరు, రఖమ్, వారసులు. జమీన్ కథకి కావాల్సిన సామాన్ అంతా ఇందులో ఉంది, జమీన్ తప్ప.

నేను చదువుతుంటే చిచ్చా ముఖం చూడలేకపోయాను. ఆయనకి 72 ఏళ్లు. ఆ 60 ఎకరాల మీద ఆయన ఇద్దరు మనవరాళ్ల షాదీలు చేశారు మనసులో. మనవడు మాత్రం ఫోన్‌లో లెక్క వేశాడు. "ఫీ ఉంగ్లీ సాత్ రూపాయె, దాదాజాన్."

ఎవరూ నవ్వలేదు.

నేను వార్తలు రాసేవాడిని. తారీఖు, ఊరు, రఖమ్ మూడూ చేతికి వస్తే వదిలే అలవాటు లేదు. 1888 నవంబర్‌లో మున్నేరు దగ్గర ఏ పట్టాలు?

ఆ లైను మీరంతా ఎక్కిందే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, డోర్నకల్, ఖమ్మం మీదుగా బెజవాడ. హైదరాబాద్ రియాసత్‌కి సొంత రైలు 1874లో వచ్చింది, వాడి నుంచి సికింద్రాబాద్ దాకా. బంబయి-మద్రాస్ లైనుకి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ని కలపాలని అంగ్రేజ్ పట్టుదల, ఖర్చు మన ఖజానాది. తూర్పు వైపు పొడిగించడానికి 1883లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టారు, నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఎవరికో తెలుసా? రైలెక్కే ముసాఫిర్‌కి కాదు, పట్టా మోసే మజ్దూర్‌కి అంతకన్నా కాదు. లండన్‌లో షేర్లు కొన్న సాహెబులకి. రైలు నడిచినా ఖాళీగా తిరిగినా 20 ఏళ్లపాటు ఏటా 5 శాతం సూద్ నిజాం సర్కార్ ఇచ్చుకోవాలని షరతు.

దీన్ని ప్రశ్నించినవాళ్లు హైదరాబాద్‌లో లేకపోలేదు. అప్పట్లో దీన్ని చాందా రైల్వే స్కీం అనేవాళ్లు. షరతులు అవామ్‌కి చెప్పండి, లెక్కలు బయటపెట్టండి అని జల్సాలు పెట్టినవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఉన్నారు, అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఉన్నారు. సరోజినీ నాయుడి వాలిద్ ఆయన. 1883లో చట్టోపాధ్యాయని రియాసత్ నుంచే వెళ్లగొట్టారు. సరోజిని అప్పటికి నాలుగేళ్ల పిల్ల. ఒక ముల్లా, ఒక బెంగాలీ ప్రొఫెసర్ కలిసి రైల్వే హిసాబ్ అడిగిన షహర్ మనది. ఈ ముక్క నేను చదివిన ఏ ఉర్దూ మీడియం తారీఖ్ కితాబ్‌లోనూ లేదు, తెలుగు వాచకంలోనూ లేదు.

1886కి పట్టాలు వరంగల్ చేరాయి, 1888కి డోర్నకల్, అక్కడి నుంచి ఎల్లందు బొగ్గు కోసం ఒక కొమ్మ. 1889లో బెజవాడ. అంటే మా బత్తీవాలే దాదా వేళ్లు పోయింది ఆఖరి మంజిల్‌లో, లైను తొందరగా తెరవాలని ఠేకేదార్లు మనుషుల్ని తరుముతున్న రోజుల్లో. అదే 1888లో లండన్ పార్లమెంటు కమిటీ ఇంకో హైదరాబాద్ హిసాబ్ విచారిస్తోంది. ఎల్లందు బొగ్గు హక్కులు తీసుకున్న దక్కన్ మైనింగ్ కంపెనీ షేర్ల గోల్‌మాల్. రైల్వే కంపెనీ బేరం నడిపిన రియాసత్ అఫ్సర్ అబ్దుల్ హఖ్ పేరే అందులోనూ వచ్చింది, ఆయన ఉహ్దా పోయింది. అక్కడ షేర్ల మీద రాసిన కాగజాత్ ఇప్పటికీ లైబ్రరీల్లో భద్రంగా ఉన్నాయి. మూడు వేళ్ల మీద రాసిన కాగజ్ జుజ్‌దాన్ గుడ్డలో ఉంది.

21 రూపాయల హాలీ ఎంతంటే, హాలీ మన రియాసత్ సొంత సిక్కా, అంగ్రేజ్ కల్దార్ కన్నా కాస్త తక్కువ. ఆ తరవాతి కాలంలో ఏడు హాలీకి ఆరు కల్దార్‌గా స్థిరపడింది. ఆ లెక్కన 18 కల్దార్ రూపాయలు.

ఇంగ్లండ్‌లో ఆ కాలం రైల్వే మజ్దూర్‌ని వెతకడం వేరే ఆట. విక్టోరియా రాణి రాజ్యంలో ఏదో చిన్న స్టేషన్‌లో మూటలు మోసినవాడి మునిమనవడు ఇప్పుడు కూర్చున్న చోటి నుంచే కంప్యూటర్‌లో తాతని పట్టేస్తాడు. లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పాత రైల్వే కంపెనీల స్టాఫ్ రిజిస్టర్లున్నాయి. పేరు, పుట్టిన తారీఖ్, ఎప్పుడు చేరాడు, ఎంత తన్ఖా, ఏ రోజు ఆలస్యంగా వచ్చి జుర్మానా కట్టాడు, అన్నీ. 1881 జనగణన కాగితాల్లో ఏ గల్లీలో ఎవరితో ఉన్నాడో కూడా ఉంటుంది. అక్కడ మజ్దూర్ దెబ్బ తింటే మాలిక్ జిమ్మేదారీ మీద 1880లోనే ఒక ఖానూన్ వచ్చింది, 1897లో దానికన్నా గట్టిది. హిందుస్తాన్‌లో అలాంటి ఖానూన్ 1923లో వచ్చింది.

మనవైపు నుంచి అంగ్రేజులు కొందరి పేర్లు రాశారు, అది నిజమే. విలాయత్ నుంచి ఒప్పందం మీద వచ్చిన డ్రైవర్లు, ఫోర్‌మన్లు, గార్డుల కాగజాత్ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో దొరుకుతాయి. వాళ్ల వారసులు రోజూ వెతుక్కుంటున్నారు కూడా. రైల్వే సాలానా రిపోర్టుల్లో ముగ్గురికి మూడు గళ్లు ఉండేవి: యూరోపియన్లు, ఈస్ట్ ఇండియన్లు, నేటివ్‌లు. మూడో గడిలో ఒక అంకె ఉంటుంది. మా దాదా ఆ అంకెలో కూడా లేడు. ఠేకేదార్ మజ్దూర్ కంపెనీ మనిషి కాదు. ఇప్పటి కాంట్రాక్ట్ కార్మికుల మీద నేను రాసిన వార్తలన్నీ గుర్తొచ్చాయి. ముస్తరీ మారింది, హాజరీ పట్టీ మారలేదు.

మన జనగణనలో మనుషుల పేర్ల కాగితాలు దాచరు, లెక్కలు తీసుకుని పారేస్తారు. ఒక పాత దఫ్తర్‌కి వెళ్లి అడిగితే అక్కడి సాహెబ్ చాయ్ తాగించి మరీ చెప్పాడు, "పీఎఫ్ నంబర్ తెచ్చుకోండి." 1888 మనిషికి.

కాబట్టి కాగితం ఆగిపోయిన చోట మనిషి యాద్‌దాష్త్ మీద పడ్డాను. మా ఫుప్పూ ఇంకా హయాత్‌లో ఉన్నారు. 80 దాటారు, కాజీపేటలో ఉంటారు. మా దాదా కాజీపేట స్టీమ్ ఇంజన్ల షెడ్డులో పనిచేశారు, ఆయన చిన్నప్పుడు ఈ బత్తీవాలే దాదాని కళ్లారా చూశారు. ఆయన చెప్పింది ఫుప్పూకి యాద్ ఉంది.

"హౌ రే, అబ్బా బోల్తే థే. ఉనో ఎడమ చేయి షేర్వానీ జేబులోంచి తియ్యనే తియ్యరట. అన్నం పెట్టినా, నమాజ్‌కి వెళ్లినా. ఒక్క దుఆలోనే రెండు చేతులూ బయటికి తీసేవారట. పిల్లలంతా ఆయన దుఆ ఎప్పుడు చేస్తారా అని చూసేవాళ్లట, వేళ్లు లెక్కపెట్టడానికి."

అబ్బాకి, చిచ్చాకి ఈ సంగతి ఎందుకు తెలీదని అడిగాను. "మర్దోం కో కౌన్ బోల్తా?" అన్నారు ఫుప్పూ. ఆడపిల్లలకి బావర్చీఖానాలో చెప్పినవి దివాన్‌ఖానా దాకా రాలేదన్నమాట. ఖాందానీ తారీఖ్ కావాలంటే ముందు బావర్చీఖానాకి వెళ్లండి.

బత్తీ సంగతి కూడా ఫుప్పూయే విప్పారు. దేవిడీ లేదు, ఫానూసులు లేవు. చెయ్యి మానాక ఎవరి సిఫారసు మీదో డోర్నకల్ స్టేషన్‌లో సిగ్నల్ దీపాల పని దొరికింది. పొద్దున దీపాలన్నీ దించి మసి తుడవాలి, ఒత్తులు కత్తిరించాలి, నూనె పొయ్యాలి. మగ్రిబ్‌కి ముందు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లి ఒక్కో సిగ్నల్ స్తంభం ఎక్కి దీపం పెట్టి దిగాలి. డోర్నకల్ జంక్షన్ కాబట్టి స్తంభాలు ఎక్కువ. రెండు వేళ్ల ఎడమ చేత్తో నిచ్చెన పట్టుకుని, కుడి చేత్తో దీపం పట్టుకుని ఎక్కిన మనిషిని ఊహించుకోండి. వానాకాలంలో మరీ.

ఆ రోజుల్లో మన రైళ్ల దీపాల్లో ఎక్కువగా పోసింది ఆముదం. నిజాం రాజ్యంలో ఆముదాలకి కొదవ లేదు. దాదా బట్టలకి, దుప్పటికి, గడ్డానికి కూడా ఆ వాసన ఉండేదట. మనవళ్లు దగ్గరికి రావాలంటే ముక్కు మూసుకునేవాళ్లట. మెహబూబ్ అలీ పాషా పిలిచిన బత్తీవాలే మియాఁ దగ్గర అత్తర్ వాసన వచ్చేదని మా బడే అబ్బా చెప్పేవారు, మర్హూమ్. ఆముదం అత్తర్ కావడానికి మూడు నస్ల్‌లు పట్టింది.

ఇంకో ముచ్చట, దీపాల గురించి చదువుతుంటే తగిలింది. విక్టోరియా కాలంలో చాలా ఏళ్లు ‘దారి సాఫ్’ అనడానికి పచ్చ దీపం కాదు, తెల్ల దీపం పెట్టేవాళ్లు. ఎరుపు ఖత్రా, పచ్చ జాగ్రత్త. ఎర్ర గాజు పగిలి రాలిపోతే వెనకున్న దీపం తెల్లగా కనబడుతుంది, డ్రైవర్ దారి సాఫ్ అనుకుని వచ్చేస్తాడు. అందుకే తరవాత మార్చారు. స్తంభం ఎక్కిన దీపంవాడు గాజు బీటని చూశాడా లేదా అన్నదాని మీద ఒక రైలుడు జానాలు ఆధారపడి ఉండేవి. నెల జీతం మాత్రం స్టేషన్‌లో అందరికన్నా కింద.

ఇంతవరకు చిచ్చా మింగగలిగారు. రైల్వే నౌకరీ హలాల్ కమాయీ, అందులో షరమ్ లేదు. ఆయన గొంతులో ఇరుక్కున్నది వేరే లఫ్జ్. రాజీనామాలో మనిషి పేరు తరవాత వల్ద్ ఫలానా అని తండ్రి పేరు, తరవాత ఖౌమ్, తరవాత సాకిన్. సాకిన్ జిలా కర్నూల్. ఖౌమ్ నద్దాఫ్.

నద్దాఫ్ అంటే అరబీలో దూదిని ఏకేవాడు. మన వైపు పింజారీ అంటారు, ఆంధ్రలో దూదేకుల. మేం ఇన్నాళ్లూ షేఖ్‌లం. మా ఇంటి షాదీ రుఖాల మీద షేఖ్ అని బంగారు అక్షరాల్లో వేసుకున్నాం.

ఇక్కడే ఆ మొహర్ సంగతి. కింద కుడివైపు మరకని నేను పగటి వెలుగులో, భూతద్దం పెట్టి చూశాను. మొహర్ కాదు. దస్త్‌ఖత్. మున్షీ ‘బఖలమ్ ఖుద్’ అని రాసి వదిలిన చోట, దాని పక్కన, వణుకుతున్న చేత్తో, తెలుగులో. మొదటి అక్షరం దకి దీర్ఘంతో కూడిన కొమ్ము. ‘దూదేకుల’ అని ఇంటిపేరు, తరవాత ఆయన పేరు. పేరులో ఒక ముసల్మానీ సగం, ఒక తెలుగు సగం. వీధిబడి రాత. ఎడమ చెయ్యి కట్టుతో ఉండి ఉంటుంది, కాగితాన్ని అదిమి పట్టేవాళ్లు లేక అక్షరాలు పక్కకి జారాయి.

ఉర్దూలో వాళ్లు రాసింది ఆయనకి ఎంత అర్థమైందో గానీ, ఆయన రాసింది మా ఖాందాన్‌లో వందేళ్లకి పైగా ఎవరికీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అబ్బా చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. అబ్బా మామూలుగా తక్కువ మాట్లాడతారు. "తూ తెలుగు పఢా సో కామ్ ఆయా," అన్నారు. అంతే. నేను బీఏలో చేరిన 26 ఏళ్ల తరవాత.

కర్నూల్ వైపు దూదేకుల వాళ్లు ఇప్పటికీ చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అక్కడి నుంచి మున్నేరు దాకా ఎందుకు వచ్చాడన్నది వెతకడానికి పెద్ద కష్టం పడక్కర్లేదు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. కర్నూల్, బళ్లారి, కడప తుడిచిపెట్టుకుపోయాయి. బ్రిటిష్ ఇలాఖాలోనే 50 లక్షలకి పైగా జనం పోయారని అంచనాలు. అంతకుముందే మాంచెస్టర్ మిల్లు నూలు వచ్చి ఇళ్లలో రాట్నాలు ఆగిపోతున్నాయి. రాట్నం ఆగితే ఏకులు ఎవరికి కావాలి, ఏకులు అక్కర్లేకపోతే దూది ఏకే విల్లు దేనికి? కరువుకి బతికినవాళ్లు మట్టి పని, రాళ్ల పని, పట్టాల పని వెతుక్కుంటూ నడిచారు. ఆయన అప్పటికి పదేళ్ల పిల్లాడై ఉంటాడు. పట్టాల వెంబడే పెరిగాడు, పట్టా కిందే వేళ్లు పోగొట్టుకున్నాడు, పట్టాల పక్కనే దీపాలు పెట్టాడు. స్టేషన్ క్వార్టర్ల మధ్య ఉర్దూ నేర్చుకున్నాడు, లేదా పిల్లలకి నేర్పించాడు. ఒక నస్ల్‌లో తెలుగు జారిపోయింది, రెండో నస్ల్‌లో దూదేకుల జారిపోయి షేఖ్ వచ్చింది, మూడో నస్ల్‌లో దేవిడీ వచ్చింది.

"యే సబ్ కైకూ లిఖ్తే రే?" అని చిచ్చా అడిగారు. కోపంగా కాదు, బతిమాలుతూ. ఆయన పెద్ద మనవరాలికి ఒక రిష్తా నడుస్తోంది. అబ్బాయి వాళ్లు సయ్యద్‌లు. హడ్డీ చూస్తారు, నస్ల్ అడుగుతారు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడతాం, ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటాం, రిష్తా దగ్గరికి వచ్చేసరికి హర్ ఎక్ ఘర్ మేఁ ఏక్ పటేల్. ఇస్లాంలో జాత్ పాత్ లేదని మనం బయటవాళ్లకి చెప్పే తక్రీర్ మన మష్షాతా ముందు చెల్లదు. పింజారీ అన్న మాట తిట్టులా వాడడం నేను మన మొహల్లాల్లోనే విన్నాను, మీరూ విన్నారు. ఇంకో భయం కూడా ఉంది చిచ్చాకి. సర్కారీ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్ బీసీ-బీలో ఉన్నారు. షేఖ్‌లకి 2007 ఖానూన్‌తో బీసీ-ఈ వచ్చింది. మా పిల్లలవన్నీ బీసీ-ఈ సర్టిఫికెట్లు. "అప్నేచ్ హాథ్ సే అప్నా సర్టిఫికెట్ ఫాడ్ లేతే క్యా?" అన్నారు.

నేను ఆ పిల్లతోనే మాట్లాడాను, రిష్తా ఆమెది కాబట్టి. బీటెక్ చదివింది, హైదరాబాద్‌లో నౌకరీ. కాగజ్ ఫోటో చూసి చాలాసేపు పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. ఆ దస్త్‌ఖత్ దగ్గర ఆగింది. "చాచా, లిఖ్ దో. మాలూమ్ హోకే బీ ఆతే తో ఆయింగే," అంది. చిచ్చా మాత్రం షరతు పెట్టారు: రాయి, కానీ ఆయన పేరు రాయకు, మన ఇంటి ఎవరి పేరూ రాయకు. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. ఆయన తన పేరు రెండు వేళ్లు మిగిలిన చేత్తో కాగితం అదిమి పట్టుకుని మరీ రాసుకున్నాడు, నేను రాయలేకపోతున్నాను. రిష్తా ఇంకా నడుస్తూనే ఉంది. వాళ్ల వైపు నుంచి జవాబ్ రాలేదు. ఈ రాత వాళ్లూ చదువుతారేమో.

కాగజ్ మళ్లీ చిచ్చా దగ్గరే ఉంది. మనవడు లామినేషన్ చేయిస్తానంటే నేను వద్దన్నాను. వేడికి పాత స్యాహీ, కాగితం రెండూ పాడవుతాయి, మళ్లీ విడదీయడం కుదరదు. మీరూ చేయించకండి. నునుపైన కాగితాల మధ్య పరిచి, మడత లేకుండా, ఎండ తగలకుండా పెట్టండి. రెండు వైపులా ఫోటో తీసి ముగ్గురి దగ్గర ఉంచండి. చదవలేకపోతే మీ మొహల్లాలో పాత ఉస్తాద్‌లున్నప్పుడే చూపించండి. సియాఖ్ చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

మొన్న ఫుప్పూ దగ్గరికి మళ్లీ వెళ్లాను. నద్దాఫ్ సంగతి చెబితే ఎలా తీసుకుంటారో అని భయపడుతూ చెప్పాను. ఆమె పాన్ నములుతూ విన్నారు. కాసేపు ఏమీ అనలేదు. తరవాత చెప్పారు.

చలికాలం రాకముందు వీధిలో ధున్యా వచ్చేవాడు, విల్లు తీగ మోగించుకుంటూ. అందరి ఇళ్లవాళ్లూ పిలిచి లిహాఫ్‌లలో పాత దూది తీయించి ఏకించుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ పిలవలేదట. ఫుప్పూ వాళ్ల దాదీ తలుపు మూసి, పిల్లల్ని బయటికి పంపి, అటక మీది నుంచి ఏదో దించుకుని, తనే ఏకేవారట. లోపలి నుంచి తీగ చప్పుడు వినబడేదట. పొరుగింటివాళ్లు అడిగితే సితార్ అని చెప్పమనేవారట.